జాబితాలో మొదటి పేరు

నిన్న వీడియో కాల్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోను బల్ల మీద నిలబెట్టి పరిగెత్తాను కదా చిన్నీ, "గిన్నెల స్టాండు ఎందుకు పట్టుకున్నవ్ అవ్వా?" అని అడిగి తెగ నవ్వావు. గనిలో పేలుడుకు ముందు సైరన్ మోగుతుంది బిడ్డా. ఆ వెంటనే నేల కదులుతుంది. పట్టుకోకపోతే గిన్నెలన్నీ కింద పడతాయి, అంతే. కానీ గోడ నుంచి రాలిన సున్నం నా చేతుల మీద పడుతుంటే, ఒకనాడు ఇదే స్టాండును అటువైపు పట్టుకున్న ఇంకో రెండు చేతులు గుర్తొచ్చాయి. అవి ఒక గవర్నర్ చేతులు. ఆయన సంగతి నీకూ మీ అన్నకూ అక్కడ పుణెలో ఎవరూ చెప్పి ఉండరు.

ఇప్పుడు ఓపెన్‌కాస్టు గని గొయ్యి ఉన్నచోటే మా పాత ఊరు ఉండేది. రాజలింగు కాక మా పక్క చేను రైతు. మూడెకరాల మిరపతోట, ఒక బావి, రెండు ఎడ్లు. నేను ఆ ఊరికి కోడలిగా వచ్చేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. మధ్యాహ్నం సద్ది విప్పే వేళకు కాక ఖాళీ ఎరువు బస్తా ఒకటి ఒడ్డు మీద పరిచి, దాని మీది అక్షరాలు చదివించేవాడు. నేను మొట్టమొదట చదివిన మాట యూరియా. ఆయన భార్యను నేను చిన్నమ్మ అనేదాన్ని. ఆమె ఊరుకునేది కాదు.

"ఎడ్లకు నీళ్లు పెట్టుమంటే పంతులువైతివి. సర్కారు జీతమిస్తదా నీకు?"

"జీతమెందుకే? రేపు ఎవడన్న కాయితం తెచ్చి వేలు పెట్టుమంటే, ఈ పిల్ల ఆగుమనాలె." నా వైపు తిరిగి, గీత కింద వేలు జరుపుతూ చెప్పేవాడు: "చివరి గీత దాక చదువాలె బిడ్డా. అటెనుకనే సంతకం."

గని మా ఊరి పొలిమేర దాకా వచ్చింది. కాక అప్పటికి సర్పంచ్. పంచాయతీ ఆఫీసు మెట్టెక్కి, "ఒక్కరు ఒప్పుకున్నా ఊరు పోయినట్టే. నా పాణం పోయినా నేనైతే సంతకం పెట్ట" అన్నాడు. మీ తాత ఈల వేశాడు. ఆ ధైర్యంతోనే మా రెండెకరాల్లో మళ్లీ నారు పోశాం.

నారు ఇంకా పీకనేలేదు. ఒక పొద్దున పంచాయతీ గోడకు కాగితం అంటించారు. భూమి ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ల జాబితా అది. ఊరంతా చేరింది. కాక కూడా ఉన్నాడు. "నువ్వు చదువు బిడ్డా, అందరికి వినవడాలె" అన్నాడు. మొదటి గీత కింద వేలు పెట్టాను. వేలు అక్కడే ఉండిపోయింది.

"ఏందే, అక్షరాలు మర్చినవా?" వెనక నుంచి మీ తాత.

"కాకా... గిది నీ పేరే."

"నాదే. చదువు."

"కాకా!"

"ఆగకు. నీకు నేర్పిందెందుకు?"

చదివాను. ఆయన ఇచ్చిన అక్షరాలతో ఆయన పేరే ఊరందరికీ వినిపించాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. మీ తాత ముందుకొచ్చి ఆయన కాళ్ల ముందు ఉమ్మాడు. కాక తల ఎత్తలేదు. పదిహేను రోజుల్లో ఊరంతా సంతకాలు పెట్టింది, మీ తాతతో సహా. చిత్రమేమిటంటే, అందరికన్నా ముందు సంతకం పెట్టిన మనిషే అందరికన్నా ఆఖరున ఊరు విడిచాడు. పేలుళ్లకు ఇంటి గోడలు నెర్రెలిస్తున్నా, ఆయనా చిన్నమ్మా గిన్నెలు పట్టుకుని అక్కడే ఉన్నారు.

తర్వాత కార్మికుల కాలనీల ఓట్లతో ఎమ్మెల్యే అయ్యాడు, మంత్రి అయ్యాడు. మా ఊరివాళ్లు ఒక్క ఓటూ వేయలేదు. వయసు మళ్లాక ఎక్కడో తూర్పున కొండల్లో ఉన్న రాష్ట్రానికి గవర్నర్ని చేశారు. ఆ ప్రమాణం టీవీలో వచ్చింది. "ఊరమ్మినోనికి బంగ్ల దొరికింది సూడు" అంటూ మీ తాత ఛానెల్ మార్చబోతే రిమోట్ లాక్కున్నాను. అధికారి పుస్తకం తెరిచి పెన్ను అందించాడు. కాక పెన్ను పక్కన పెట్టాడు. పెద్దపెద్దవాళ్లంతా నిలబడి ఎదురుచూస్తుంటే, గీత కింద వేలు జరుపుతూ ఆఖరి దాకా చదివి, అప్పుడు సంతకం పెట్టాడు. చదవకుండా పెట్టే మనిషి కాదు. అంటే మా కాగితం కూడా చదివే పెట్టాడు!

మరుసటి ఎండాకాలం, ఊరు పోయాక గని పక్కనే మేం కట్టుకున్న ఈ ఇంటికే వచ్చాడు, ముందూ వెనకా బండ్లతో. మీ తాత పెరట్లోకి వెళ్లిపోయాడు. కాక మంచం మీద కూర్చుని, "మిరపకాయ తొక్కు వాసనొస్తున్నది. ఎవల తోటదే?" అన్నాడు.

"అంగట్ల కొన్న కాకా. మనకు తోటేడున్నది?"

ఆయన ముఖం వాడిపోయింది. ఇక ఆపుకోలేకపోయాను.

"మా కాయితం గూడ చదివే పెట్టినవా?"

"చదివిన. మూడుసార్లు చదివిన."

"మరి ఏముండె అండ్ల?"

ఆయన నోరు తెరిచాడు. అప్పుడే సైరన్ మోగింది. "సార్, బయటికి రండి" అని పోలీసులు కేకలు వేస్తున్నారు. గవర్నర్ లేచి బయటికి కాదు, వంటింట్లోకి నడిచాడు. స్టాండును అటువైపు ఆయన, ఇటువైపు నేను పట్టుకున్నాం. "గట్టిగ పట్టు బిడ్డా" అన్నాడు. నేల కదిలింది. ఒక్క గిన్నె కూడా పడలేదు. నేల ఆగినా ఆయన స్టాండు వదల్లేదు. పోలీసులు లోపలికొచ్చి ఆయన్ని తీసుకెళ్లిపోయారు.

ఆ చలికాలమే ఆ కొండల్లో పోయాడు. బ్యాంకులో నేను గీత కింద వేలు పెట్టి చదువుతుంటే వెనకున్నవాళ్లు ఇప్పటికీ విసుక్కుంటారు. నేను మాత్రం చివరి గీత దాకా చదవందే సంతకం పెట్టను. నాకు ఈ అలవాటు చేసినవాడు మంచివాడో కాదో ఈ వయసులోనూ తేల్చుకోలేకున్నాను చిన్నీ. సైరన్ మోగిన ప్రతిసారీ స్టాండు పట్టుకుని, ఎదురుగా ఎవరూ లేని ఆ అంచునే అడుగుతుంటాను.

"మూడుసార్లు చదివినవు గదా కాకా, మరి ఏముండె అండ్ల?"