రాతి మీద అన్న పేరు

పంజాగుట్ట దగ్గరి పార్కులో, యుద్ధంలో చనిపోయిన సైనికుల పేర్లు చెక్కిన నల్లరాయి ఒకటి ఉంది. అందులో మా అన్న పేరూ ఉంది. అమ్మకు చదువు రాదు. అందుకే అమీర్‌పేటలో బట్టలు కుట్టే నాన్న, మొదటిరోజే మెడలోని టేపు తీసి నేల నుంచి కొలిచి చూపించాడు.

"గిదే మనోని పేరు. నీ గుండెకాడికి వస్తడు, యాదుంచుకో."

ఆనాటి నుంచి ప్రతి బోనాలకూ బల్కంపేట ఎల్లమ్మను చూసి వస్తూ, అమ్మ తన గుండె ఎత్తున చెయ్యి పెట్టి, ఆ పేరుకు పసుపు రాసి బొట్టు పెట్టేది.

నాన్న పోయాక రోడ్డు వెడల్పు చేస్తూ పార్కును సగం మింగేశారు. మిగిలిన మూలలో రాయి కింద ఎత్తుగా గద్దె కట్టారు. అందం కోసమట. ఎవరి కళ్లకో!

ఆ ఏడు కూడా అమ్మ గుండె ఎత్తునే బొట్టు పెట్టింది. ఉండబట్టలేక చెప్పేశాను.

"అమ్మా, గది వేరేటోళ్ల పేరే. అన్న పేరు గా పైనున్నది."

అమ్మ ఆ బొట్టు తుడవలేదు. "ఉండనీ, ఎవరు కన్న కొడుకో" అంది. పసుపు వేలు పైకి చాచి, మునివేళ్ల మీద లేచింది. అందలేదు.

"మనోడు గింత పొడుగెప్పుడైండు, బిడ్డా?"