సుందరమ్మ గారి కామెంటు

జగన్నాథం సారుకు అబద్ధం ఆడటం చేతకాదు. చేతకాని పనికి పూనుకుంటే ఏమవుతుందో మా బడిలో అందరికంటే దగ్గరగా చూసినవాణ్ని నేనే.

హైదరాబాదు పాతబస్తీలో, యాకుత్‌పురాలోని ఆ చిన్న ప్రైవేటు బడిలో ఆయన తెలుగు చెప్పేవాడు, నేను లెక్కలు. తాతల నాటి నుంచి గుడి సేవ చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి, నుదుట నామంతోనే బడికి వచ్చేవాడు. అలాంటాయన 2007లో, ఎక్కడ నేర్చుకున్నాడో గానీ, ఎనిమిదో తరగతి పిల్లల కోసం బ్లాగు తెరిచాడు. వాళ్ళు కాగితాల మీద రాసిన వ్యాసాలను సాయంత్రాలు స్టేషన్ దగ్గరి నెట్ సెంటర్‌లో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసేవాడు. శనివారం హెడ్మాస్టరు గదిలోని ఒకే ఒక్క కంప్యూటర్ చుట్టూ పిల్లలను నిలబెట్టి చూపించేవాడు.

"ప్రపంచమంత చదువుతది రా!" అని ఊరించాడు. ప్రపంచానికి అంత తీరిక ఎక్కడిది? ఒక్క వ్యాసం కిందా ఒక్క కామెంటూ లేదు. "ఎవ్వరు చదవలేదా సార్?" అని పిల్లలు అడిగినప్పుడల్లా ఆయన ముఖం చిన్నబోయేది.

ఒక శనివారం కామెంటు వచ్చింది. జగిత్యాల నుంచి సుందరమ్మట, రిటైరైన టీచరట. పిల్లలు గంతులేశారు. ఆ తర్వాత ఆవిడ ఏ వ్యాసాన్నీ వదల్లేదు. నాకు అనుమానం వచ్చి స్టాఫ్ రూంలో సారును నిలదీశాను.

"ఏం చెయ్యాలె వైకుంఠం? పిల్లల మొఖాలు చూడలేకపోయిన," అన్నాడు. సుందరమ్మ ఆయనే.

మొదట నవ్వొచ్చింది. హరిప్రియ సంగతి తెలిశాక నవ్వు పోయింది. తల్లి చనిపోయినప్పటి నుంచి క్లాసులో పెదవి విప్పని పిల్ల అది. సుందరమ్మ మెచ్చుకున్నాక, అమ్మ కుట్టుమిషన్ గురించి, ఇంకా ఇంట్లోనే ఉన్న అమ్మ చెప్పుల గురించి రాయసాగింది. సుందరమ్మ ప్రతిదానికీ ఓపికగా జవాబిచ్చేది. పిల్ల తన రాతల్లో ఆవిడను అమ్మమ్మా అని పిలిచింది. మెల్లగా క్లాసులో కూడా నోరు విప్పింది. సారు మురిసిపోయాడు.

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. హరిప్రియ పరుగున వచ్చి, "సార్, సెలవులల్ల మా బాపు నన్ను జగిత్యాల తీస్కపోతా అన్నడు. అమ్మమ్మ ఇల్లు ఎక్కడనో అడిగి రాయున్రి సార్," అంది.

సారు ఆ సంగతి నాతో చెప్పాడు. నిజం చెప్పెయ్యమన్నాను. "చెప్తే మల్ల రాస్తదా ఆ పిల్ల?" అని నన్నే ఎదురడిగాడు. మర్నాడు సుందరమ్మ కొడుకు పేరుతో కామెంటు పెట్టాడు, మా అమ్మ కాలం చేసింది అని.

"చంపేసిన్రా సార్!" అని కసిరాను.

శనివారం అది చదివాక, క్లాసులో మౌనం పాటిద్దామని హరిప్రియే అడిగింది. పిల్లలంతా లేచి నిలబడ్డారు. సారు బోర్డు ముందు తల వంచుకుని ఏడ్చాడు. అవి దొంగ కన్నీళ్ళు కావు. ఆ పిల్ల దగ్గరికి వచ్చి, "ఏడ్వకున్రి సార్," అని ఆయననే ఓదార్చింది. తల్లి లేని పిల్లకు ఇంకో చావు చూపించాడని నాకు ఒళ్ళు మండింది. ఆయనను చూస్తే జాలీ వేసింది.

సెలవులయ్యాక తొమ్మిదిలోనూ ఆయనే తెలుగు చెప్పాడు. వ్యాసం రాయమన్న ప్రతిసారీ హరిప్రియ తెల్ల కాగితమే ఇచ్చేది. ఒకరోజు నేను స్టాఫ్ రూంలో ఉండగా సారు ఆమెను పిలిచి అడిగాడు.

"ఎందుకు రాస్తలేవు బిడ్డా?"

"రాస్తే ఎవరు చదువుతరు సార్?"

"నేను చదువుతా గద."

"మీరు తప్పులు దిద్దనీకి చదువుతరు సార్. అమ్మమ్మ నా కోసం చదివేది."

సారు ఆ తెల్ల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. హరిప్రియ క్లాసుకు వెళ్ళిపోయింది. ఆ ఏడాదంతా ఆ పిల్ల మళ్ళీ క్లాసులో మాట్లాడలేదు.