రెండు గంటలకు దానంతటదే లేచే కంప్యూటర్

గోదావరిఖనికి నేను వెళ్లింది ఊరు చూడడానికి కాదు. గనిలో పనిచేసే నా స్నేహితుడు దానియేలు చనిపోయి నలభై రోజులు దాటాక అతని భార్య జ్యోతి ఫోన్ చేసింది. ఇంటి ముందుగదిలోని టైపింగ్ షాపు మళ్లీ తెరిచిందట. రోజూ మధ్యాహ్నం, ఆపేసి ఉన్న కంప్యూటర్ దానంతటదే లేచి దానియేలు గొంతుతో మాట్లాడుతోందట. మొదటి మాటకే ఆమె బయటికి పరుగెత్తేది. పని ఇచ్చేవాళ్లు రావడం మానేశారు. శనివారం దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానంది. అది పోతే ఆమెకు వేరే బతుకుదెరువు లేదు. నేనూ దానియేలూ ఒకే పాత పుస్తకం చదివి కంప్యూటర్ నేర్చుకున్నాం. వస్తానన్నాను.

మందమర్రిలో తొమ్మిదింటి బస్సెక్కి, మంచిర్యాలలో మారి, గోదావరి వంతెన దాటేసరికి పదకొండున్నర. రెండు బస్సులకూ కలిపి ఇరవై రెండు రూపాయలు, బస్టాండు నుంచి కాలనీకి ఆటోలో ఐదు. మబ్బు పట్టింది. ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టల దుమ్ము రోడ్డు మీదికి దిగి, పట్టపగలే లారీలు లైట్లు వేసుకుని వస్తున్నాయి. ఇంటి గుర్తు చెప్పగానే డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూశాడు.

"సచ్చినాయన మాట్లాడే ఇల్లా? మంత్రగానివా ఏంది కాకా?"

రిపేరుకు అన్నాను.

"రిపేరు డబ్బాకా, ఆయనకా?" అని నవ్వి, సందు మొదట్లోనే దింపేశాడు. లోపలికి రానన్నాడు.

జ్యోతి అన్నం పెట్టింది. మానిటర్ మీద దుప్పటి కప్పి ఉంది. రెండింటికి ఐదు నిమిషాలుండగా నేను దాని ఎదుట కూర్చున్నాను. ఆమె గడప అవతల నిలబడింది. సరిగ్గా రెండింటికి డబ్బాలో ఫ్యాను తిరగడం మొదలైంది. ఎవరూ తాకలేదు. దుప్పటి కింద తెర వెలిగింది. కాసేపటికి, "జ్యోతీ," అంది దానియేలు గొంతు. ఆమె పరుగెత్తింది. నేను కుర్చీ వెనక్కి జరిపాను. మిగతా మాటలు నేనొక్కణ్నే విన్నాను.

తర్వాత డబ్బా విప్పి చూశాను. లోపలి బోర్డుకు సొంత గడియారం ఉంటుంది. ప్లగ్గు తీసినా బిళ్లంత బ్యాటరీ దాన్ని నడుపుతుంది. రోజూ రెండింటికి యంత్రాన్ని లేపమని ఆ గడియారానికి చెప్పి ఉంది. యంత్రం లేవగానే ఒక చిన్న ప్రోగ్రాం, రికార్డు చేసిన గొంతును వినిపిస్తోంది. గడియారం మాట్లాడలేదు, ప్రోగ్రాం తనంతట లేవలేదు. రెంటినీ కలిపినవాడు దానియేలే. ఫైలు మీద తేదీ అతను దవాఖానలో చేరడానికి ముందురోజుది.

జ్యోతిని పిలిచి అంతా చెప్పాను. ఏది తీసెయ్యాలని అడిగాను.

"మొత్తం ఏమన్నడన్నా?" అంది.

నువ్వే విను అన్నాను. గడియారంలో లేపే సమయాన్ని ఐదు నిమిషాల తర్వాతకు మార్చి, యంత్రాన్ని ఆపేశాను. ఈసారి ఆమె గడప దాటలేదు. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది.

"జ్యోతీ, పోయొస్త. డబ్బా తీస్కున్న. ఎనకనుంచి పిలువకు."

గనికి పోయేవాణ్ని వెనకనుంచి పిలవకూడదు. ప్రార్థన చేసుకునే ఇల్లే అయినా వాళ్లకా పట్టింపు పోలేదు. దానియేలు రెండో షిఫ్టుకని రెండింటికి ఇంటి గేటు దాటగానే, టిఫిన్ డబ్బా మరిచాడని ఆమె కేకేసేదట. అతను తిరిగొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరేవాడట. ఆటపట్టించడానికే ఇది చేసిపెట్టాడు. మర్నాడే షాపు మూసి ప్లగ్గు తీసేయడంతో, అతనుండగా అది ఒక్కసారీ మోగలేదు.

జ్యోతి దుప్పటి మడతపెట్టి పక్కన పెట్టింది.

"దేన్నీ తియ్యకన్నా. పాత సామాన్లాయనకు రావద్దని చెప్త."

లేపే సమయాన్ని మళ్లీ రెండింటికే పెట్టాను.

కారణం తెలిస్తే భయం పోతుందని ఆ పుస్తకం చదివిన రోజుల్లో అనుకునేవాణ్ని. ఆ గదిలో నాకు పూర్తిగా పోలేదు. అటు వెళ్లేవారికి ఒక సూచన: షిఫ్టు మారే వేళ మంచిర్యాల బస్సులు నిండిపోతాయి, దానికి అరగంట ముందే బస్టాండు చేరండి. ఆలస్యమైందని నేను హడావిడిగా బయలుదేరాను. దుమ్ములో సందు సగం నడిచేసరికి వెనక వేగంగా అడుగుల చప్పుడు. పిలుపు లేదు. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు. అడుగులు నన్ను దాటి ముందుకొచ్చాయి. జ్యోతి ఎదురుగా నిలబడి, ఆయాసపడుతూ, నేను మరిచిన స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టింది.