షెడ్డులోని డ్రమ్ము

జంగారెడ్డిగూడెం దగ్గర మా తోటలోని బోరు నీళ్లలో యురేనియం ఉందని తేలింది. ఒక ప్రయోగశాల వాళ్లు వచ్చి, సగ్గుబియ్యమంత రెసిన్ గింజలు నింపిన గొట్టం ఒకటి బోరుకు బిగించారు. నీళ్లు అందులోంచి వస్తుంటే యురేనియం ఆ గింజలకే పట్టుకుని ఉండిపోయేది. కొన్నాళ్లకు కొత్త గింజలు పోసి, పాతవి డ్రమ్ములోకెత్తి మా షెడ్డులో పెట్టారు. వచ్చే వారం తీసుకెళ్తామన్నవాళ్లు రాలేదు. ఎన్ని ఫోన్లు చేసినా రాలేదు.

మా ఆవిడ అన్నయ్యకు కడియంలో నర్సరీ ఉంది. ఒకసారి వచ్చినప్పుడు ఆయన ఆ డ్రమ్ము మూత తీసి చూశారు.

"బావగారూ, ఇవి మట్టిలో కలిపితే మొక్కల వేళ్లు భలే దిగుతాయండి. నాకిచ్చేయండి."

"నీళ్లలో ఉన్న విషమంతా వాటిలోనే ఉందండి. ఇవ్వను."

"పారేసేవి ఇవ్వడానికి కూడా చెయ్యి రాదా అండి మీకు?"

అక్కడితో ఆపలేదాయన. తన కూతురి పెళ్లి భోజనాల్లో అందరూ వింటుండగా, "మా బావగారు చెత్తకి కూడా తాళం వేస్తారండోయ్!" అని నవ్వించారు. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. ఆ తర్వాత మాటల్లేవు.

చాలా ఏళ్లకు ప్రయోగశాల వాళ్లు వచ్చి, చేతులకు గ్లవ్స్ వేసుకుని డ్రమ్మును వ్యానెక్కించారు.

"ఇప్పుడైనా అన్నయ్యకి ఫోన్ చెయ్యండి," అంది మా ఆవిడ.

"ఆ రోజే చెప్పాను. చెయ్యాల్సింది ఆయన."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. కడియం నుంచి లారీల నిండా మొక్కలు ఎక్కడెక్కడికో వెళ్తూనే ఉన్నాయి. వాటి మట్టిలో ఆ గింజలు లేవు. పిసినారి అన్న పేరు మాత్రం నాకు ఉండిపోయింది.