అతుకు పక్కన కూర్చున్న మేస్త్రీ

మొన్న మా ఊళ్ళో ఒక సభ జరిగింది. మైకు ముందు నిలబడ్డ పెద్దమనిషి, ఇరాక్ కువైట్ మీద పడ్డ రోజుల గురించి చెబుతూ, అక్కణ్ణుంచి తిరిగొచ్చిన మా వైపు జాలిగా చూసి, "పాపం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయొచ్చారు" అన్నాడు. పక్కనున్న ఇంకొకాయన నన్ను వేలుపెట్టి చూపించి, "ఈయన మాత్రం ఆ సైన్యానికి రేవులో పట్టాలు వేసిచ్చి మరీ వచ్చాడట" అన్నాడు. జనం నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. నేను బళ్ళో చదివింది రెండో తరగతి. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీద, పాత పేపర్ల మీద సాగింది. మైకులో మాట్లాడ్డం రాదు గానీ రాయడం వచ్చు. అవునయ్యా, వేశాం. ఎలా వేశామో కూడా విని అప్పుడు నవ్వండి.

షువైఖ్ రేవులో ఓడల పక్కన తిరిగే పెద్ద క్రేన్లకు ఇనప పట్టాలుండేవి. అవి రైలు పట్టాల్లా పైకి తేలి ఉండవు. నేలకు సమంగా సిమెంటులో పూడ్చి ఉంటాయి. వాటి మీంచే లారీలూ మనుషులూ అడ్డంగా దాటిపోతారు. పట్నం వీధుల్లో ట్రామ్ పట్టాలు ఎలా ఉండేవో అచ్చం అలాగే. రైలు పట్టా కుంగితే కంకర ఎగదోసి సర్దుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. సిమెంటు పోశాక తప్పు తెలిస్తే మొత్తం పగలగొట్టుకోవలసిందే.

మా మేస్త్రీకి ఆ విద్య మద్రాసు ట్రాముల దగ్గర అబ్బింది. కడప వైపు మనిషి. మీసాలు రాకముందే మద్రాసు చేరి, అరిగిన ట్రామ్ పట్టాలు మార్చే గుంపులో కలిశాడట. ట్రాములు ఎత్తేశాక రైల్వేలో గ్యాంగు కూలీగా చేసి, అక్కణ్ణుంచి కువైట్ వచ్చాడు. ఆ మద్రాసు గుంపు నుంచి ఒక ఆచారం వెంట తెచ్చుకున్నాడు. కొత్త పట్టా మీద మొదటి బండి పోయేటప్పుడు, దాన్ని వేసిన మేస్త్రీ అతుకు పక్కనే కూర్చుని నేలకు అరచెయ్యి ఆనించి ఉండాలి. అతుకు బాగుంటే చక్రం ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి ఎప్పుడు పోయిందో చేతికి తెలియదు. బాగోకపోతే 'టక్' మంటుంది. మరీ బాగోకపోతే బండే వచ్చి మీద పడుతుంది.

"బండి వొరిగితే ముందు మనమింద్నే పడాల. అప్పుడుగానీ చేతికి బుద్ధుండదు" అనేవాడు.

ఆ వేసవిలో మేం మారుస్తున్న పట్టాలు దారుణంగా అరిగిపోయి ఉన్నాయి. తల భాగం పుట్టగొడుగులా పక్కలకు సాగి, నడిమధ్య గుంటలు పడ్డాయి. ఒక ముక్క కోసి, పీకి అవతల పడేశాం. కొత్త ముక్క ఇంకా దించలేదు. అంతలో ఒక తెల్లవారుజామున ఇరాక్ టాంకులు ఊళ్ళోకి వచ్చేశాయి. మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న అరబ్బు యజమాని, కఫీల్, సౌదీ వైపు వెళ్ళిపోయాడు. కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. రేవు పక్క రేకుల షెడ్డులో మా గుంపు మిగిలింది, బయట రేవులో పట్టా పీకిన ఆ ఖాళీ మిగిలింది. క్రేను ఖాళీకి ఇవతల ఆగిపోయింది.

మేస్త్రీకి చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాలి. పైగా పాత పట్టా పీకినప్పుడు కాలి బొటనవేలికి గాయమైంది, అది మానడం లేదు. ఆస్పత్రికి పోతే అక్కడ మందు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పే దిక్కూ లేదు. ఫ్రిజ్‌లో ఉన్న సీసా అయిపోయేలోగా ఆయన్ని దేశం దాటించాలి. అప్పట్లో మాకు అంతకు మించిన ఆలోచన లేదు. బస్సులు పోతున్నాయని వినేవాళ్ళం గానీ, మా షెడ్డు దాకా ఒక్కటీ రాలేదు.

అప్పుడొచ్చాడు ఇరాక్ ఆఫీసరు. గోడౌన్లలో ఉన్న సరుకంతా వాళ్ళు ఓడకెక్కించుకుపోవాలట. ఓడ ఖాళీకి అవతల ఉంది. గుంపులో అరబ్బీ వచ్చినవాణ్ణి నేనే.

"పట్టా వేసివ్వండి. క్రేను అవతలికి పోయిన రోజే మీకు బస్రా దాకా లారీ. దారిలో ఎవరూ ఆపకుండా కాగితం కూడా ఇస్తాను. ఖలాస్, అంతే" అన్నాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మా వెల్డరు మనసులో మాట బయటపెట్టాడు. గోదావరి జిల్లా కుర్రాడు. మంచి పనివాడు, నోటికి మాత్రం కళ్ళెం లేదు.

"మేస్త్రిగారండీ, రేపే ఇచ్చేద్దారండి. అతుకు లోపల్దాకా కరిగించకుండా పైపైన పూసేత్తానండి. సూడ్డానికి బెమ్మాండంగా ఉంటాది. మొదటిసారికి ఎలాగోలా దాటుద్ది, సరుకెత్తుకుని తిరిగేటప్పుడు ఇరుగుద్ది. ఆళ్ళ దొంగసొత్తు నీళ్ళపాలు, మనం లారీలో బస్రా. మీకూ మందు దొరుకుద్ది."

నాకూ అదే సబబనిపించింది. సబబు కాదని ఈ రోజుకీ అనను.

మేస్త్రీ ముద్ద మింగి, "పైన డ్రైవరు ఉంటాడు గదబ్బీ" అన్నాడు.

క్రేను డ్రైవరు బంగ్లాదేశ్ వాడు. మా షెడ్డులోనే ఒక మూల ఉండేవాడు. తుపాకీ చూపిస్తే ఎక్కక తప్పని మనిషి.

"ఆడికి ముందే సెప్పేద్దారండి, దూకెయ్యమని."

"ఆ ఎత్తు మీంచి దూకడానికి వాడేమన్నా కోతా? నువ్వు దూకి చూపీ ముందు."

"మీరలా ఎటకారవాడితే ఎలాగండీ! మందు అయిపోతాందండి మీకు!"

"నా మందు సంగతి నాకెరికేలే. నువ్వు పైపైన పూసేదుంటే పూసుకో, నీ చెయ్యి నేనేం పట్టుకోను. మొదటిసారి క్రేను పోయేటప్పుడు మాత్రం అతుకు కాడ నేను కూచ్చుంటా. ఎప్పుడూ కూచ్చునేదే గదా."

వెల్డరు కంచం ముందునుంచి లేచిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఈ కడపోళ్ళతో సచ్చే సావండి బాబూ" అన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే అందరికంటే ముందే రేవులో ఉన్నాడు, పట్టా కొసలు మెరిసేదాకా రుద్దుతున్నాడు.

సరిగ్గా చెయ్యాలంటే తొందర కుదరదు. కొత్త ముక్క దించి, కింద రేకులు పెట్టి, దారం లాగి, వెంట్రుకవాసి తేడా లేకుండా సమం చెయ్యాలి. అతుకు అడుగు దాకా కరిగి కలవాలి, నిదానంగా చల్లారాలి. ఆ తర్వాత సిమెంటు పొయ్యాలి, అది గట్టిపడాలి. ఆగస్టు ఎండలో తడి ఆరిపోతే సిమెంటు పగుళ్ళిస్తుంది. అందుకని గోనెపట్టాలు కప్పి తడుపుతూనే ఉన్నాం. మాకు తాగే నీళ్ళకే కరువు. మేస్త్రీ కుంటుకుంటూ రేవంతా తిరిగేవాడు. సముద్రపు నీళ్ళు ఇనుముకు పడవని, ఆగిపోయిన నీళ్ళ లారీల ట్యాంకుల్లోంచి మంచినీళ్ళు వెతికి తెచ్చేవాడు.

ఆఫీసరు ఊరుకోలేదు. "యల్లా! బుక్రా కదలాలి క్రేను" అని అరిచాడు.

రేపే కావాలంటున్నాడని మేస్త్రీకి చెప్పాను.

"ఆయప్పను గూడా పైకెక్కి డ్రైవరు పక్కన కూచ్చోమను. కూచ్చుంటానంటే రేపే పోనీ" అన్నాడు మేస్త్రీ, గోనె తడుపుతూనే.

 ఉన్నదున్నట్టు అరబ్బీలో చెప్పాను. ఆఫీసరు తలెత్తి క్రేను కొస దాకా చూశాడు. కిందికి దించి మేస్త్రీ కాలి కట్టు చూశాడు.

"ఈ ముసలాడికి భయం లేదా?"

"ఉంది. అందుకే రేపు వద్దంటున్నాడు" అన్నాను. అది మేస్త్రీ మాట కాదు, నాదే.

ఆఫీసరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మర్నాడు క్రేను కదపమని రాలేదు.

సిమెంటు గట్టిపడక ముందే ఫ్రిజ్‌లో సీసా ఖాళీ అయింది. మేస్త్రీ అన్నం మానేసి, ఉప్పు వేసుకుని మజ్జిగనీళ్ళు తాగుతూ గడిపాడు. కాలు వాచిపోయింది. క్రేను కదిలే రోజున గొంతుక్కూర్చోలేక, ఆ కాలు బారజాపి అతుకు పక్కన కూలబడ్డాడు. అరచెయ్యి నేలకు ఆనించాడు. వెల్డరు పోయి పట్టాకు అటువైపు కూర్చున్నాడు.

"నువ్వెందుకురా? నువ్వేమన్నా మేస్త్రీవా?"

"అతుకు నాదండి. మీరొక్కరే సచ్చి పేరు కొట్టేద్దారనా?"

పైనుంచి డ్రైవరు ఏదో అరిచాడు. దేవుడి పేరు ఒక్కటే తెలిసింది. క్రేను వచ్చింది. దాని నీడ ముందు వాళ్ళిద్దరినీ కప్పేసింది. చక్రాలు ఒకదాని వెంట ఒకటి అతుకు దాటాయి. మేస్త్రీ ముఖంలో ఏ మార్పూ లేదు. అవతలికి పోయి క్రేను ఆగాక, అరచెయ్యి తీసి లుంగీకి తుడుచుకుని, "లెయ్ రా, పోదాం" అన్నాడు.

ఆఫీసరు మాట తప్పుతాడనుకున్నాం. తప్పలేదు. దోచుకోవడానికి వచ్చినవాడి గురించి మంచిమాట రాయాలంటే నా కలం మొరాయిస్తుంది, కానీ జరిగింది అదే. బస్రా, బాగ్దాద్, జోర్డాన్ ఇసుకలో గుడారాలు. డాక్టరు చూసేసరికి మేస్త్రీ పాదం నల్లబడింది. బొంబాయిలో దిగాక మోకాలి కింద తీసేశారు. ఆస్పత్రి వరండాలో వెల్డరు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆ రోజే పూసేసుంటే కాలు దక్కేదండి" అన్నాడు. "అంత మంచి అతుకేసి ఏడుస్తావేందిరా, దరిద్రుడా" అని మేస్త్రీ కసిరాడు.

యుద్ధం ముగిశాక నేను మళ్ళీ షువైఖ్ పోయాను. గోడౌన్లు మసిబారి ఉన్నాయి. మేం వేసిన ముక్క చెక్కు చెదరలేదు. బంగ్లాదేశ్ డ్రైవరూ తిరిగొచ్చాడు. అప్పట్లో ఇళ్ళకు ఉత్తరాలకు బదులు మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపేవాళ్ళం. నేను టేప్ రికార్డరు పట్టుకుపోయి అతుకు పక్కన కూర్చున్నాను. డ్రైవరుకు సంగతి చెబితే, క్రేన్ని అటూ ఇటూ రెండుసార్లు నడిపాడు. ఆ క్యాసెట్‌లో నేను ఒక్క మాటా మాట్లాడలేదు.

సెలవులో వచ్చినప్పుడు మేస్త్రీ ఇంటికి పోయి వినిపించాను. ఆయన మంచం మీద కూర్చుని, అలవాటు కొద్దీ అరచెయ్యి టేప్ రికార్డరు మీద ఆనించాడు. మోటారు రొద దగ్గరికొచ్చింది, అతుకు దాటింది, దూరమైంది. మళ్ళీ తిరిగొచ్చింది. ఎక్కడా టక్ మనలేదు. క్యాసెట్ అయిపోయేదాకా ఇంట్లో ఎవరినీ కదలనివ్వలేదు ఆయన.

చివరికి తలెత్తి నావైపు చూశాడు.

"మధ్యలో దగ్గినావు గదరా అబ్బీ" అన్నాడు. "మల్లా పెట్టు."