పలుపు మీద చెప్పిన అబద్ధం

పాతికేళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఒక అబద్ధాన్ని మోశాను. మోశాను అంటే ఏదో కష్టపడ్డట్టు వినిపిస్తోంది. కష్టపడలేదు. తిన్నాను, పడుకున్నాను, ఉద్యోగంలో పైకి వచ్చాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను. ఏ పనీ లేనప్పుడు మాత్రం అది గొంతులో అడ్డం పడేది. అంతే. నా మొదటి కోపం దాని మీదే. నా ఒక్క మాట వల్ల ఇంకో మనిషి బతుకు తలకిందులైనప్పుడు, నాకు కనీసం నిద్రైనా పట్టకుండా పోవాలి కదా? బాగానే పట్టింది.

నా పేరు మీకు అక్కర్లేదు. మాది మరాఠీ గడ్డ మీద, కోర్పనా తాలూకాలో ఎన్నో తరాలుగా ఉంటున్న తెలుగు రైతు కుటుంబం. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు మా నాయన పలక మీద దిద్దించాడు. రాసేటప్పుడు ఇప్పటికీ తడుముకుంటాను. మరాఠీలో అయితే చకచకా అయిపోయేది. కానీ ఆ అబద్ధం తెలుగులో చెప్పాను. నిజాన్ని ఇంకో భాషలో చెప్పి తప్పించుకోవడం నాకు నచ్చలేదు.

అప్పుడు నేను ఆవర్‌పూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ క్వార్టర్‌లో ఉండేవాణ్ణి. గుమాస్తాని. దేశం తలుపులు తెరుచుకున్నాయని పేపర్లు రాస్తున్న రోజులు. మా కాలనీకి మాత్రం వచ్చింది కేబుల్ వైరు. ఈ మిద్దె మీది నుంచి ఆ మిద్దె మీదికి నల్లటి వైర్లు వేలాడేవి. స్కూటర్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసినవాళ్లు దుకాణానికి పోయి అదే రోజు తోలుకొస్తున్నారు. ఊళ్లో మా అన్నదమ్ములు ఎద్దుల తోకలు మెలిపెడుతుంటే, నేను కలర్ టీవీ ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాణ్ణి. అందరం ఉన్నట్టుండి పెద్దమనుషులమైపోయాం.

ఆ ఎండాకాలంలో, పశువుల దవాఖానాలో కాంపౌండర్‌గా చేసే నా దోస్తు భీమన్న ఒక కుక్కను తాడు కట్టి తీసుకొచ్చాడు. ఏడెనిమిది నెలల మగకుక్క. నీళ్లు లేని పాడుబావిలో పడి అరుస్తుంటే ఎవరో తీసి దవాఖానాకు తెచ్చారట. ఒక చెవి నిక్కి ఉండేది, ఇంకోటి వాలి ఉండేది. మంచి ఇల్లు దొరికేదాకా నీ దగ్గర ఉంచుకో, నెల రోజులే, అన్నాడు భీమన్న. సరే అన్నాను. నాలుగు నెలలుంచుకున్నాను.

తూఫాన్ అని పేరు పెట్టింది నేనే. ఒక్క క్షణం కుదురుగా ఉండేవాడు కాదు. చెప్పులు, చీపురు, నా భార్య సుశీల ఆరేసిన వడియాల చాప, దేన్నీ వదల్లేదు. పొద్దున గంట, సాయంత్రం గంట తిప్పితే తప్ప ఇల్లు నిలబడేది కాదు. ఆమె తిట్టేది, తిడుతూనే పాలు పోసేది. కాలనీ ఆడవాళ్లు నన్ను చూసి, ఎంత దయగల మనిషో అనేవాళ్లు. ఆ మాట నాకు బాగా రుచించింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

రోజూ మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికొచ్చే వేళకు సున్నపురాయి గనిలో సైరన్ మోగేది. ఆ వెంటనే పేలుడు. కిటికీ అద్దాలు గలగలమనేవి. తూఫాన్ ఎక్కడున్నా ఒక్క ఉరుకున వచ్చి నా కాళ్ల మధ్య దూరి వణికేవాడు. నేను వీపు నిమిరి బిస్కెట్ పెట్టేవాణ్ణి. వారం తిరక్కుండానే వాడికి అర్థమైంది: భయమేస్తే మనిషి దగ్గరికి ఉరకాలి. అది నేర్పింది నేను. ప్రేమగానే నేర్పాను. ప్రేమగా చేసినంత మాత్రాన తప్పు కాకుండా పోతుందా?

ఒక సాయంత్రం కాలనీ వెనక నాలా దగ్గర వాణ్ణి విప్పి వదిలాను. అక్కడ ఒక ఆడపంది పిల్లలతో మేస్తోంది. వీడు పోయి ఒక పిల్ల కాలు కొరికాడు. తల్లి తిరగబడింది. వీడు వెనక్కి తిరిగి, ఇంకెటూ పోకుండా, తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. వెనకే పంది. నేను కల్వర్టు గోడ ఎక్కాను కాబట్టి ప్యాంటు చిరగడంతో పోయింది. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాను. సుశీల నవ్వలేదు. పది రోజుల తర్వాత ఒక ఆంబోతును రెచ్చగొట్టి అదీ నా మీదికే తెచ్చాడు. అప్పుడు నేనూ నవ్వలేదు. వాడి గుణం నాకు పూర్తిగా తెలిసిపోయింది. దేన్నైనా కదిలిస్తాడు, అది తిరగబడితే తనవాళ్ల మీదికి పట్టుకొస్తాడు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. నాకు తెలుసు. పొరపాటున తెలియక చెప్పలేదని ఎవరూ నన్ను వెనకేసుకు రావద్దు.

వానలు పడ్డాక ఒక ఆదివారం, క్రికెట్ మ్యాచ్ మధ్యలో, తూఫాన్ మిద్దెక్కి కేబుల్ వైరు కొరికేశాడు. ఆరు క్వార్టర్లలో టీవీలు ఆగిపోయాయి. అందులో ఒకటి మా ఆఫీసరుది. మర్నాడు ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను నమస్కారం పెడితే ముఖం తిప్పుకున్నాడు. అంతే. ఆ సాయంత్రమే భీమన్న దగ్గరికి పోయి, ఎవరికైనా సరే ఇచ్చెయ్ అన్నాను. మంచి ఇల్లు సంగతి ఎటుపోయింది? ఒక పెద్దమనిషి ముఖం తిప్పుకునేసరికి కొట్టుకుపోయింది.

భీమన్న పోశక్కను తీసుకొచ్చాడు. రాజురా తాలూకాలో అడవి అంచున ఉన్న ఊరు ఆమెది. పుట్టిల్లు గోండ్‌పిప్రి. భర్త పోయి రెండేళ్లు. మూడెకరాల చేను, సగం పత్తి, సగం జొన్న, ఒంటిచేత్తో చేసుకుంటోంది. ఆ చేను తమకు అప్పగించమని బావలు, అంటే భర్త అన్నలు, ఆమె వెంట పడుతున్నారు. ఆడది అడవి పక్కన సేద్యం ఏం చేస్తుందని వాళ్ల వాదన. చేసి చూపిస్తోంది కాబట్టే వాళ్లకు మంట. అడవిపందులు జొన్నను తొక్కేస్తున్నాయని, ఒక చురుకైన కుక్క ఉంటే ఈ ఏడు గట్టెక్కుతానని వచ్చింది. పంట చేతికొస్తే బావల నోళ్లు మూతపడతాయి. ఇదంతా మా వాకిట్లో కూర్చుని, తూఫాన్‌కు తన సద్దిరొట్టె తినిపిస్తూ, నాకే చెప్పింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎద్దునైనా, ఆవునైనా, ఊరికే ఇచ్చే లేగదూడనైనా, పలుపు చేతికిచ్చే ముందు ఇచ్చేవాడు దాని ఐబు, అంటే లోపం, నోటితో చెప్పాలి. పొడిచేదైతే పొడుస్తుందని, తన్నేదైతే తన్నుతుందని. విన్నాక పుచ్చుకున్నవాడు మళ్లీ ఆ మాట ఎత్తడు. పలుపు మీద అబద్ధం చెప్పిన మనిషిని మా నాయన గడప తొక్కనిచ్చేవాడు కాదు. పోశక్క లేచి, తల మీద కొంగు సర్దుకుని, తూఫాన్ తాడు ముందు చెయ్యి చాపి అడిగింది.

“అన్నా, పలుపు వట్టే ముందట అడుగుతున్న. ఏమన్న ఐబున్నదా?”

“ఏం లేదక్కా. జర ఉరుకుడెక్కువ.”

“ఉరికేటోడే గావాలె నాకు. పందిని జూస్తె ఎట్ల జేస్తడు?”

“మీదికి వోతడు. బెదరడు.”

“నువ్వు నాలుగు నెలలు సాదినవ్, నీకెరుక. నేనొక్కదాన్నే ఉంట చేన్ల. ఇంకేమన్న ఉంటె చెప్పు, నేను ఏమనుకోను.”

“ఏ ఐబు లేదు. తీస్కపో.”

సుశీల గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె పెదవి కదిలింది. నేను చూసిన చూపుకు ఆమె లోపలికి పోయింది. ఆ చూపు కూడా నా లెక్కలోనే రాసుకోండి.

ఆ క్షణంలో నాకు నేను ఏం చెప్పుకున్నానో తెలుసా? ఇది ఎద్దు కాదు కదా, కుక్క. కుక్కకు పలుపు మాట ఏంది, పల్లెటూరి చాదస్తం. నేను చదువుకున్నవాణ్ణి, కలర్ టీవీ ఉన్నవాణ్ణి. ఆమె మాత్రం ఎద్దును తీసుకున్నంత నమ్మకంతో తీసుకుంది. తూఫాన్ ఆమెను ఈడ్చుకుంటూ బస్టాపు వైపు పోయాడు. ఆమె నవ్వుతూ పరిగెత్తింది. నేను తలుపేసి కొత్త వైరుకు మనిషిని పిలిపించాను.

జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో, ఒక తెల్లవారుజామున అది జరిగింది. పందుల గుంపు చేలో పడింది. పోశక్క తాడు విప్పింది. తూఫాన్ బెదరలేదు, మీదికే పోయాడు. పెద్ద మగపంది తిరగబడింది. వాడు నేర్చుకున్నట్టే మనిషి దగ్గరికి ఉరికి వచ్చాడు. అక్కడ ఎక్కడానికి ఏ గోడా లేదు. పంది కోర ఆమె తొడను మోకాలి దాకా చీల్చింది. అరుపులు విని వచ్చిన బావలు ఆమెను ఎడ్లబండిలో వేసి, కుక్కను కర్రలతో అక్కడే కొట్టి చంపారు. చచ్చేటప్పుడు కూడా ఆమె పాదాల దగ్గరే దూరాడట. ఆ మాట భీమన్న చెప్పినప్పుడు వాళ్ల మీద ఊగిపోయాను. మూగజీవిని చంపడానికి చేతులెట్లా వచ్చాయి అని అరిచాను. ఎంత ధర్మాగ్రహమో నాకు! వాణ్ణి చంపింది ఎవరో తెలిసి కూడా అరిచాను.

ఆమె నెల రోజులు చంద్రపూర్ దవాఖానాలో ఉంది. నేను పోలేదు. ఇంటికొచ్చాక ఊరి పెద్దమనుషులు కూర్చుని, కుక్కను ఇచ్చినవాణ్ణని నన్ను పిలిపించారు. నాకు కుర్చీ వేశారు. సాహెబ్ అన్నారు. ఆమె అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. పెద్ద బావ అన్నాడు, కుక్కను సాకడం రాని ఆడది చేను ఏం సాకుతుందని. ఒక పెద్దాయన నా వైపు తిరిగి, కుక్కలో ఏమైనా దోషముందా అని అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. చెప్పడానికేనా? ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె నాకంటే ముందు మాట్లాడింది.

“ఆయన పలుపు మీద చెప్పిండు, ఐబు లేదని. ఆ అన్న మాటల తేడ ఉండదు. నేనే సరిగ సాదలె.”

నన్ను కాపాడింది. తన మీద వేసుకుని మరీ కాపాడింది. నేను ఒక్క మాట అంటే చాలు, తప్పు ఆమె మీది నుంచి లేచిపోయేది, బావల వాదన కూలిపోయేది. తల ఊపాను. అవునన్నట్టు ఊపాను. ఆ రోజు చేను పెద్ద బావ చేతికి పోయింది. తర్వాత ఆమె పుట్టింటికి పోయింది. ఊళ్లో అందరూ ఏమన్నారు? మొగదిక్కు లేని ఆడదానికి అంత పంతం ఎందుకు అన్నారు. ఆ పెద్దమనుషులను, ఆ బావలను, ఆ ఊరిని నేను ఇన్నేళ్లూ ఇంట్లో కూర్చుని తిట్టుకున్నాను. దుర్మార్గులే. కానీ వాళ్లకు ఆ అవకాశం పళ్లెంలో పెట్టి ఇచ్చింది నేను.

కొన్నేళ్లకు గోండ్‌పిప్రి బస్టాండులో ఆమెను చూశాను. కుంటుతూ వచ్చి పలకరించింది. ఎవరి చేలోనో పత్తి ఏరి వస్తోంది. సుశీల ఎట్లా ఉంది, పిల్లలెంత మంది అని అడిగింది. మా బస్సు రావడానికి ఇంకా చాలా సమయముంది. చెప్పడానికి సరిపోయేంత సమయం. నేను ఎండల గురించి మాట్లాడాను.

ఆమె ఇంకా ఉంది, అక్కడే. ఇది ఆమె చదవదు. తెలుగు మాట్లాడుతుందే గానీ చదవడం రాదు. అందుకే తెలుగులో రాస్తున్నానా? పైన భాష గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నాను! ఆమె ముందు నిలబడే దమ్ము లేక, ముఖం తెలియని మీ ముందు కక్కుతున్నాను. మీరు క్షమించకండి. ఆ హక్కు మీకు లేదు. ఆమెను అడిగే ముఖం నాకు లేదు.

పోశక్క కుక్కను బాగానే సాకింది. చేను కూడా బాగానే చేసింది. ఆమె తప్పు ఏమీ లేదు. తప్పు నాది. ఈ నాలుగు ముక్కలు రాసేసరికి గొంతు తేలికైంది. ఇంత తేలికవుతుందని తెలిసి ఉంటే ఆ రోజే, ఆ కుర్చీలోంచి లేచి చెప్పేసేవాణ్ణి అని ఇక్కడ ఒక వాక్యం రాశాను. మళ్లీ చదువుకుని కొట్టేశాను. తేలికవుతుందని నాకు ఆ రోజూ తెలుసు.