అవ్వ నోటికి కుదరని పళ్ళు

తొంభైల చివర్లో తిరుపతిలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేసేవాణ్ణి. ఆ పని విసుగొచ్చి, పళ్ళ సామాన్లు అమ్మే కంపెనీలో చేరాలని తిరుగుతున్న రోజులవి. నేను చేసిచ్చిన పళ్ళు కుదరలేదని పుత్తూరు నుంచి మునెమ్మవ్వ మూడోసారి వచ్చింది.

"ఇవి నా పండ్లు కావబ్బా. సంగటి గూడా మింగలేకుండా ఉండాను."

"అలవాటవుతాదిలే అవ్వా! ఎన్నిసార్లు వస్తావు?" అని కసురుకుంటూ ఆ పళ్ళ సెట్టును మళ్ళీ అరగదీయబోయాను.

"వాటిని అరగదీసింది చాలు గానీ, ఒక్కసారన్నా నా నోరు సూసినావా?" అంది.

చూశాను. చిగుళ్ళ నిండా పుండ్లు. కంగారుగా అలమరలో నోటి అచ్చులు వెతికితే, నేను వాడింది ఇంకో మునెమ్మ అచ్చు.

కొత్తవి చేసిచ్చి, తప్పైపోయిందని అవ్వ చేతులు పట్టుకున్నాను. తర్వాత కోరుకున్న ఉద్యోగమూ దొరికింది. కానీ నా విసుగు వల్ల ఆ అవ్వ నెల రోజులు గంజితో గడిపిందన్న సంగతి ఇప్పటికీ మరవలేను.